లాస్ట్ ఎంత?

శనివారం సాయంత్రం, నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో డైనింగ్ టేబుల్ మీద ఫోను కుదురుగా ఉండటం లేదు. ఒక మెసేజ్ చదివేలోపు ఇంకో రెండు వచ్చి పడుతున్నాయి.

నిన్నటిదాకా చడీచప్పుడూ లేదు. అమ్మకానికని ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రకటన ఇదీ: 2018 మోడల్ యాక్టివా 5జీ, సింగిల్ ఓనర్, 31 వేల కిలోమీటర్లు, ధర 52,000. బేరానికి కాస్త చోటుండాలని ఇంటాయన పైన వేసి పెట్టారు. మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన కొడుకు చూసి నవ్వాడు. "నాన్నా, కొనేవాళ్లు యాభై వేల లోపు అని పెట్టుకుని వెతుకుతారు. మన బండి వాళ్లకి అసలు కనపడదు." 49,500 అని మార్చారు. అంతే, తలుపు తీసినట్టయింది.

వచ్చినవాటిలో సగం మెసేజ్‌లకి నమస్కారం కూడా లేదు. "లాస్ట్ ఎంత?" "ఫైనల్ చెప్పు బ్రో." "30కి ఇస్తారా, ఇప్పుడే వస్తా." బండి చూసినవాడు లేడు, ఎక్కడుందో అడిగినవాడు లేడు. పేపర్లో క్లాసిఫైడ్ వేయాలంటే డబ్బు కట్టాల్సిన రోజుల్లో ఒక్కో మాటా ఆచితూచి రాసేవారు, ఫోన్ చేసేవాడు కూడా పని మీదే చేసేవాడు. ఇప్పుడు ప్రకటన ఉచితం, అడగడమూ ఉచితం. అడిగేవాడి జేబులోంచి పోయేదేమీ లేదు కాబట్టి నోటికొచ్చిన అంకె విసురుతాడు.

ఇంటాయన ఒకరికి 47 అని టైపు చేయబోయారు. ఆయన భార్య వెనక నుంచి చూసి ఆపేసింది. "ఏవండీ, ఫోన్లో అంకె చెప్పారంటే రేపు వచ్చి అక్కణ్ణుంచి కిందికి లాగుతారు. బండి చూసి మాట్లాడదాం అనండి." అందరికీ అదే జవాబు వెళ్లింది. చాలామంది మళ్లీ పలకలేదు.

విజయవాడ నుంచి ఒకాయన మర్యాదగానే అడిగాడు. కానీ రాష్ట్రం మారితే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి, అక్కడ మళ్లీ పన్ను కట్టాలి. ఆ లెక్క చెప్పగానే ఆయనే, "అయితే నాకు గిట్టదండీ" అనేశాడు.

ఎనిమిదిన్నరకి ఇంకో రకం మెసేజ్. హిందీలో. ఫౌజ్‌లో ఉన్నానన్నాడు, యూనిఫాంలో ఫొటో పంపాడు. బేరమే లేదు, 49,500 ఇప్పుడే వేస్తాను, బండిని మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు అన్నాడు. వెంటనే ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందట. ఇంటాయన వేలు అప్పటికే స్క్రీన్ మీద ఉంది. కొడుకు ఫోను లాక్కున్నాడు. "డబ్బు రావడానికి పిన్ ఎందుకు నాన్నా? పిన్ కొడితే పోవడమే." పంపేవాడు మాత్రమే పిన్ కొట్టాలి, పుచ్చుకునేవాడికి దాంతో పని లేదు. యూపీఐలో దీనికి మినహాయింపు లేదు. పైగా, వాడిన వస్తువు కొంటూ ఒక్క రూపాయి కూడా తగ్గించమనని మనిషిని ఎవరు చూశారు? బేరం ఆడకపోవడమే అక్కడ మొదటి అనుమానం కావాలి. నంబరు బ్లాక్ అయింది. ఒకవేళ ఆ పిన్ కొట్టి ఉంటే, చేయాల్సిన మొదటి పని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం.

ఆదివారం ఉదయం ఏడున్నర. ఇప్పుడు మనం సెల్లార్‌లో ఉన్నాం. వాచ్‌మన్ బకెట్‌తో కార్లు తుడుస్తున్నాడు. బండి చూడ్డానికి మోటార్‌సైకిల్ మీద ఇద్దరు దిగారు. ముందు కూర్చున్నది సిద్దిపేట వైపు కుర్రాడు, బాచుపల్లిలో ఉద్యోగం. వెనక దిగినాయనకి నలభై ఉంటాయి, గోళ్ల సందుల్లో గ్రీజు. మెకానిక్ అని చెప్పక్కర్లేదు.

"నమస్తే అన్నా" అని కుర్రాడు పలకరించేలోపే మెకానిక్ వంగి సైలెన్సర్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. "పొద్దుగాల స్టార్ట్ జెయ్యలే గదా?" అడిగాడు. లేదన్నారు ఇంటాయన. ఇంత పొద్దున్నే ఎందుకొచ్చారో అప్పుడు అర్థమైంది. ముందే వేడెక్కించిన ఇంజిన్ తన రోగం దాచుకుంటుంది. రాత్రంతా నిలబడ్డ బండి ఎలా లేస్తుందో చూడాలి.

సెల్ఫ్ నొక్కాడు. నీరసంగా తిరిగి ఆగిపోయింది. కిక్ కొడితే రెండోసారికి అందుకుంది. పొగ రంగు చూశాడు. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు. నీలం లేదు. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలి, చెవి కిందికి పెట్టి బెల్టు చప్పుడు విన్నాడు. వెనక టైరు గాడుల్లో గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు. హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పాడు, ముందు చక్రానికి ఎదురుగా కూర్చుని ఒక కన్ను మూసి వంకర ఉందేమో చూశాడు. ఛాసిస్ నంబరు మీద దుమ్ము తుడిచి, ఆర్సీ కార్డు పక్కన పెట్టి ఒక్కో అంకె పైకి చదివాడు. ఇన్ని చేసినా నోటి వెంట మంచీ లేదు, చెడూ లేదు. ఆ మౌనానికే ఇంటాయన కంగారు పడుతున్నారు.

"ఒక రౌండ్ ఏస్కొస్త అన్నా." వాళ్లొచ్చిన మోటార్‌సైకిల్ తాళం ఇంటాయన చేతిలో పెట్టి, కుర్రాణ్ణి అక్కడే ఉంచి మెకానిక్ బయల్దేరాడు. అడక్కముందే పూచీ పెట్టినవాడు కొనే ఉద్దేశంతో వచ్చినవాడే. పది నిమిషాలకి తిరిగొచ్చి లెక్క విప్పాడు. వెనక టైరు 1,500. బ్యాటరీ 1,400. బెల్టు, రోలర్లు 1,200. తర్వాత ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇక మాట్లాడేది కుర్రాడు.

"38 ఇస్త అన్నా."

"నాలుగు వేల పని చూపించి పదకొండున్నర వేలు కొయ్యమంటావేంటి తమ్ముడూ?"

కుర్రాడు నవ్వాడు. "బేరం గదన్నా. మీరు చెప్పాలె, నేను చెప్పాలె."

ఇంటాయన ఫైలు తెరిచారు. సర్వీసు బిల్లులు తేదీల వారీగా ఉన్నాయి. ముందు టైరు కొత్తగా వేయించిన రసీదుంది. 31 వేలు నిజంగా 31 వేలేనని ఆ కాగితాలు వరసగా చెబుతున్నాయి. మెకానిక్ ఒక్కొక్కటీ తిప్పి చూసి, మొదటిసారి తల ఊపాడు. నిన్నటి నుంచి వచ్చిన మెసేజ్‌లన్నీ కలిపినా ఈ రెండు నిమిషాలకి సాటి రావు. 48 అన్నారు ఇంటాయన. కుర్రాడు 41 అన్నాడు. 47. 42. అక్కడ బండి కదలడం మానేసింది.

ఆ సమయంలో మెకానిక్ ఆర్సీ కార్డు మళ్లీ తీశాడు. "అన్నా, గీ ఫైనాన్స్ ఇంకా గట్లనే ఉన్నది సూడు." కార్డు మీద అప్పిచ్చిన కంపెనీ పేరు అలాగే ఉంది. అప్పు 2020లోనే తీరింది. కానీ తీరిందని ఆర్టీఏకి చెప్పి ఆ పేరు తీయించలేదు. ఫారం 35, కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ పెట్టి హైపోథికేషన్ రద్దు చేయించాలి, లేదంటే బండి ఇంకొకరి పేరుకి మారడం కష్టం. "గిది ముందు మీరు జేపియ్యాలె. మేము తిరగలేం." కుర్రాడు ఫోన్ తీసి చలానాలూ చూశాడు. మూడున్నాయి, 705 రూపాయలు. ఇన్సూరెన్స్ ఇంకో పన్నెండు రోజుల్లో అయిపోతోంది.

ఇంటాయన ముఖం చిన్నబోయింది. కిందికి దిగొచ్చిన ఆవిడ మాత్రం వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది. ఈ సైజు స్కూటర్‌కి థర్డ్ పార్టీ బేస్ ప్రీమియం 714, జీఎస్టీ కలిపితే 843 దాకా. చలానాలు 705. ఎన్‌ఓసీ కోసం తిరగడం, ఫీజులు. అంతా మొత్తం వేసుకుని కుర్రాడి వైపు తిరిగింది.

"చూడు బాబూ, నలభై ఐదు. లోన్ కాగితం, చలానాలు, ఇన్సూరెన్స్ మావి. పేరు మార్చుకునే ఖర్చు నీది."

"అక్కా, 44 ఏస్కో."

"నీ మాటా వద్దు, నా మాటా వద్దు. నలభై నాలుగున్నర. హెల్మెట్ కూడా తీసుకెళ్లు."

కుర్రాడు మెకానిక్ వైపు చూశాడు. ఆయన కళ్లతోనే సరేనన్నాడు. బేరం తెగింది.

పై అంకెలు చూస్తే ఇంటాయన ఐదు వేలు వదులుకున్నట్టుంది. నిజానికి అందులో చాలా భాగం బ్యాటరీ, బెల్టు, అరిగిన టైరుదే. కుర్రాడి 38 కూడా నిలబడలేదు, ఎందుకంటే బిల్లులు దాన్ని నిలబడనివ్వలేదు. ఫోన్లో 30 అడిగినవాడికీ, 52 రాసుకున్నాయనకీ మధ్యలో అసలు ధర ఎక్కడుందో ఆ సైలెన్సర్, ఆ గోరు, ఆ ఫైలు కలిసి తేల్చాయి.

బయానా రెండు వేలు ఫోన్‌పేలో పంపాడు కుర్రాడు. "పడ్డది సూడండన్నా" అని స్క్రీన్ చూపించాడు. కొడుకు ఆ స్క్రీన్ వైపు కూడా చూడలేదు, నాన్న బ్యాంకు ఖాతా తెరిచి రెండు వేలు చేరాయని చూసుకున్నాకే తల ఊపాడు. డబ్బు పంపినట్టు చూపించే దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం పెద్ద విద్యేం కాదు. తెల్ల కాగితం మీద ధర, బయానా, ఎవరి పని ఏది అన్నవి రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. బండి మాత్రం సెల్లార్‌లోనే ఉంది. మిగతా 42,500 ముట్టేది, తాళం చేతులు మారేది కాగితాలు పూర్తయ్యాకే.

"బండి ఇప్పుడే ఇచ్చేస్తే ఏం పోయింది సార్, మంచి పిల్లోడిలా ఉన్నాడు" అన్నాడు వాచ్‌మన్. మంచి పిల్లోడే. కానీ మంచితనం ఆర్సీలో కనపడదు. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. బండి అమ్మేసి చేతులు మారినా, రిజిస్ట్రేషన్ పాత పేరు మీదే ఉంటే చట్టం దృష్టిలో ఓనరు ఆ పేరున్న మనిషే. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత కూడా ఆ మనిషిదే. ఆ కేసులో బండి ఒకరి నుంచి ఒకరికి పలుమార్లు చేతులు మారింది. అయినా జవాబు చెప్పాల్సి వచ్చింది మొదటి మనిషికే.

మీరు అమ్మేవాళ్లయితే, అదే రాష్ట్రంలో అమ్మిన 14 రోజుల్లోపు ఫారం 29తో ఆర్టీఏకి తెలియజేయాలి. కొనేవాళ్లయితే, 30 రోజుల్లోపు ఫారం 30 పెట్టి మీ పేరు ఎక్కించుకోవాలి. ధర మీద ఎంతసేపైనా బేరమాడండి. ఈ గడువుల మీద మాత్రం ఆడకండి.