చెరలో విరిసిన కీర్తన



మారేడుమిల్లి కనుమ దిగి చింతూరు మీదుగా భద్రాద్రికి సాగు మనము దారిపొడుగునా వెదురు పొదలను చూచుచుందుము. ఆ వెదురును సన్నని బద్దలుగా చీల్చి కొండరెడ్లు బుట్టలు, చాటలు అల్లుదురు. మామిడి కొత్త పండుగనాడు తొలి పండ్లను దేవతకు నివేదించిన పిదపనే తాము భుజింతురు. పండుగలలో డోలు మ్రోగగా ఊరెల్ల కూడి ఆడును. సంపద స్వల్పమైనను వారి చేయి, గొంతు, అడుగు ఊరకుండవు. చేతనైనది ఒకటి సృజించుట, దానిని దైవమునకు అర్పించుట, ఈ రెండును కూడినచోట బ్రతుకునకు అర్థము చేకూరును.

ఇందుకు మహోన్నత నిదర్శనము ఈ దారి చేర్చు భద్రాచలముననే కలదు. నేలకొండపల్లి వాస్తవ్యుడగు కంచర్ల గోపన్న, గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా (1672-1687) కాలమున పాల్వంచ పరగణాకు తహశీల్దారు. సర్కారు పైకముతో రామాలయము కట్టించెనను నేరమునకు గోలకొండ చెరలో బంధింపబడెను. ఆ చెర పండ్రెండేండ్లని సంప్రదాయము. అధికారము పోయెను, స్వేచ్ఛ పోయెను. మిగిలినది గొంతు ఒక్కటే.

ఆ గొంతు నుండియే కీర్తనలు వెలువడినవి. వానిలో గోపన్న తన బాధను దాచలేదు. స్వామికి చేయించిన నగలను ఒక్కొక్కటిగా పేర్కొని, వాని కైన వరహాలను లెక్కగట్టి నిలదీసెను. మరల, నొప్పికి తాళలేక అట్లు పలికితినని మన్నింపు వేడెను. లోన కుమిలిన బాధ మనస్సును తొలచును. రాగతాళములలో ఒదిగిన బాధ ప్రార్థన యగును. రామలక్ష్మణులు పైకము చెల్లించి విడిపించిరన్న కథ మన మెరిగినదే. కాని విడుదల పిదప వచ్చినది. అంతదాక ఆయనను నిలిపినది పాట. అనంతరకాలమున త్యాగరాజస్వామి (1767-1847) సైతము తన కృతులలో ఆయనను స్మరించిరి.

వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ నాజీల నిర్బంధ శిబిరములలో మగ్గి 1945లో విముక్తుడయ్యెను. తాను చేయు పని, ప్రేమ, తప్పని బాధను ఎదుర్కొను తీరు, ఈ మూటివలన జీవితార్థము లభించునని 1946లో వెలువడిన గ్రంథమున తెలిపెను. గోపన్న చెరలో ఈ మూడును కలవు.

నేడు మనము ఆ కీర్తనలను చరవాణిలో విని తృప్తి చెందుచున్నాము. వినుట మంచిదే. కాని శ్రుతి తప్పునని సిగ్గుపడి మనము పాడుట మానినచో భజనగోష్ఠులు మూగవోవును, మన దుఃఖములు మనలోనే మిగిలిపోవును. కొండరెడ్ల పండుగలో ఊరెల్ల ఆడినట్లు, ఆలయమున మన మందరము గొంతు కలుపుదము. పాడలేనివారు పూలు గ్రుచ్చవచ్చును, వాకిట ముగ్గు తీర్చవచ్చును. ప్రేమతో చేసి స్వామి కర్పించినది ఎంత చిన్నదైనను అర్చనయే.

శుభమ్.