అడ్డగీత - నిలువుగీత

రెవెన్యూ శాఖలో పనిచేసిన మన సభ్యులకు కరణాల లెక్కల కట్టలు కొత్త కాదు. వాటిలో గొలుసుకట్టు రాత ఒక ఎత్తయితే, భిన్నాలు మరొక ఎత్తు. ఆ లెక్క నాలుగుతో నడిచేది. పావుకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. పావులో పావు, అంటే వీసం దగ్గరకు వచ్చేసరికి గీత అడ్డంగా పడుకుంటుంది. అందులో పావుకు మళ్ళీ నిలువుగీతే! ఏది ఏ వంతో స్థానాన్ని బట్టి గ్రహించాలి. రూపాయికి పదహారు అణాలున్న కాలానికి చక్కగా అమరిన పద్ధతి. తెలిసినవారికి ఒక్క చూపు చాలు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1984 జనవరిలో శ్రీ ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. వారి స్వగ్రామం నిమ్మకూరు మన పామర్రు పక్కనే గనుక ఆ ముచ్చట మాకు చాలాకాలం నడిచింది. రద్దు మంచిదా, చెడ్డదా అన్నది వేరే సంగతి. కట్టలు ఆఫీసుకు చేరాయి గాని, చదివేవారు ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లో అన్నదమ్ములిద్దరు ఒక పాత కాగితం తెచ్చారు. చిన్నవాడి వాటా దగ్గర ఎకరంలో మూడు గీతలున్నాయి, అవీ ఏటవాలుగా. నిలువనుకుంటే డెబ్బై అయిదు సెంట్లు. అడ్డమనుకుంటే మూడు వీసాలు, అంటే పంతొమ్మిది సెంట్లు కూడా నిండవు. మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరకు ఒక పాత కరణం గారిని బతిమాలి పిలిపించాం. ఆయన పక్క గడిలోని శిస్తుతో సరిచూసి, ముప్పావని నిమిషంలో తేల్చారు. పెద్దవాడు మారుమాట్లాడలేదు.

ఇదే తంతు కంప్యూటర్లలోనూ ఉన్నదని ఈమధ్య మా మనవడు చూపించాడు. వాడిది నెట్‌వర్క్ పని. యంత్రం చిరునామా తెలుసుకోవడానికి 'ఇఫ్‌కాన్ఫిగ్' అనే ఆదేశం ఉంది. 1983లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన బి.ఎస్.డి. వ్యవస్థతో వచ్చింది. చిరునామాలో ఎంత భాగం పేటకు, ఎంత భాగం ఇంటికి అని చెప్పే అంకెను ఆ వ్యవస్థ ఆరు ఎఫ్‌లు, రెండు సున్నాలుగా అచ్చువేస్తుంది. అదీ పదహారు లెక్కే! ఎఫ్ అంటే 15. రెండు ఎఫ్‌లు కలిస్తే పదిహేను పదహార్లు, మరో పదిహేను, మొత్తం 255. మన కరణాలకయితే వారం రోజుల్లో పట్టుబడేది.

లైనక్స్ కోసం రష్యాకు చెందిన అలెక్సీ కుజ్‌నెత్సోవ్ రాసిన 'ఐపి' అనే పరికరం అదే సంగతిని గీత పక్కన 24 అని చెబుతుంది. 32 బిట్లలో మొదటి 24 పేటవి అని అర్థం. కాని దాని అచ్చు కిక్కిరిసి ఉంటుంది. తరువాత క్లుప్తంగా, ఒక్కో తీగకు ఒక్కో వరుసగా చూపే ఏర్పాటు, రంగుల్లో చూపే ఏర్పాటు చేర్చారు. మరో ప్రోగ్రాము చదువుకోవడానికి వేరే రూపం కూడా ఇస్తుంది. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఎందుకంటే లైనక్స్‌లోని ఇఫ్‌కాన్ఫిగ్ తన అచ్చు తీరు మార్చినప్పుడు, పాత వరుసలను నమ్ముకున్న ప్రోగ్రాములు తికమకపడ్డాయట. యంత్రాలకూ కరణం గారు కావలసివచ్చారన్నమాట!

మనం బిల్లుల్లో మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసేవాళ్ళం. రెండోసారి రాయడం దండగని కొత్తగా చేరిన గుమాస్తాలు విసుక్కునేవారు. ఆ మూడు గీతల పక్కన 'ముప్పావు' అన్న మాట ఉంటే ఆ అన్నదమ్ములు ఆఫీసు మెట్లు ఎక్కేవారే కాదు.

ఆ భిన్నాల గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటిచ్చారు. మనవడు ఫోనులో వెతికి చూపించాడు. మూడు నిలువుగీతలు నిటారుగానే ఉన్నాయి.