గుర్తు తీస్తే పేరు దొరుకుతుందా? వంశవృక్ష సాఫ్ట్‌వేర్‌లో పోలిష్ ఇంటిపేర్లు: ఒక పరిశీలన

సారాంశం

ఐరోపా భాషల పేర్లలో అక్షరాల మీదా కిందా ఉండే గుర్తులను వంశవృక్ష సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు చాలామంది వదిలేస్తారు. గుర్తులు లేకపోతే వెతకడం తేలికని వారి వాదన. పోలిష్ ఇంటిపేర్ల విషయంలో ఈ వాదన నిలవదనీ, గుర్తు ఉంచినప్పుడే చెదిరిపోయిన బంధువుల పేర్లు ఒకచోటికి వస్తాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఒకే ఇంటిపేరు, పలు రూపాలు

పోలిష్ వర్ణమాలలో 32 అక్షరాలున్నాయి. వాటిలో తొమ్మిదింటికి గీతో, చుక్కో, తోకో ఉంటుంది. ఇవి మామూలు అక్షరాలకు చేసిన అలంకారాలు కావు. ఉచ్చారణ వేరు, అకారాది క్రమంలో చోటూ వేరు. అడ్డగీత ఉన్న ఎల్‌తో మొదలయ్యే పేర్లు మామూలు ఎల్ పేర్లన్నీ అయ్యాకే వస్తాయి. ఈ సంగతి తెలియనివారు సూచికలో పేరు ఉన్నా లేదనుకుని పుట తిప్పేస్తారు.

దోంబ్రోఫ్స్కి పోలండులో బాగా వాడుకలో ఉన్న ఇంటిపేరు. అందులో రెండో అక్షరం కింద తోక ఉన్న ఏ. బి అక్షరానికి ముందు వచ్చినందువల్ల దాన్ని ‘ఓమ్’ అన్నట్టు పలుకుతారు. రష్యా ఏలుబడిలోని పోలండులో 1868 నుంచి మొదటి ప్రపంచ యుద్ధకాలం దాకా జనన, వివాహ, మరణ నమోదులు రష్యన్ భాషలో సాగాయి. రష్యన్ లిపిలో తోక గుర్తుకు తావు లేదు కనుక గుమాస్తాలు చెవికి వినబడినట్టు ‘మ’కారం చేర్చి రాశారు. అమెరికా చేరిన కుటుంబాలు కొన్ని ఓ, ఎమ్ అక్షరాలతో రాసుకున్నాయి, మరికొన్ని తోక తీసేసి ఉత్త ఏ మిగుల్చుకున్నాయి. ఒకే తాత మనుమల పత్రాల్లో ఇన్ని రూపాలు ఎదురవుతాయి.

2. వెతుకులాటలో గుర్తు చేసే పని

స్పెల్లింగు మారినా ధ్వని దగ్గరగా ఉన్న పేర్లను కలిపే పద్ధతుల్లో సౌండెక్స్ పాతది. రాబర్ట్ రస్సెల్ 1918లో దీనికి అమెరికాలో పేటెంటు పొందాడు. ఇందులో అచ్చులు లెక్కకు రావు. తోక తీసేసిన పోలిష్ రూపానికి ఇది డి-162 అన్న సంకేతం ఇస్తుంది, ఎమ్ చేరిన అమెరికా రూపానికి డి-516 ఇస్తుంది. రెండూ కలవవు.

తూర్పు ఐరోపా యూదుల ఇంటిపేర్ల కోసం ర్యాండీ డైచ్, గ్యారీ మోకొటాఫ్ 1985లో రూపొందించిన పద్ధతి తోక ఉన్న ఏను ప్రత్యేకంగా చూస్తుంది. దాన్ని అచ్చుగా వదిలేసి ఒక సంకేతం, అనునాసికంగా లెక్కించి ఇంకో సంకేతం ఇస్తుంది. తోకతో రాసిన పేరుకు వచ్చే 367974 అన్న సంకేతమే ఎమ్ ఉన్న అమెరికా రూపానికీ వస్తుంది. తోక ముందే తీసేస్తే 379745 ఒక్కటే మిగులుతుంది, అమెరికా బంధువు జాబితాలోకి రాడు. వెతకడం తేలిక కావాలని గుర్తు తీసినవారు వెతికే ఆధారాన్నే పోగొట్టుకుంటున్నారు.

3. నిల్వలో వచ్చే చిక్కులు

గుర్తులు వదిలేసే అలవాటుకు చారిత్రక కారణం లేకపోలేదు. మధ్య ఐరోపా భాషలకు వాడే విండోస్-1250 సంకేతపట్టికలో భద్రపరిచిన ఫైలును పశ్చిమ ఐరోపాకు చెందిన 1252 పట్టికతో తెరిస్తే, తోక ఉన్న ఏ చోట పైకి లేచిన చిన్న 1 అంకె, అడ్డగీత ఎల్ చోట చిన్న 3 అంకె కనిపిస్తాయి. వంశవృక్షాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో దానికి మార్చే జెడ్‌కామ్ ప్రమాణం చాలాకాలం ఆన్‌సెల్ అనే పట్టిక మీద నడిచింది. ఆన్‌సెల్‌లో గుర్తు ముందు, అక్షరం తర్వాత. యూనికోడ్‌లో విడిగా రాసే గుర్తు అక్షరం తర్వాత వస్తుంది. మార్పిడిలో ఈ వరుసను తిప్పకపోతే తోక పక్క అక్షరానికి తగులుకుంటుంది.

1999 నాటి జెడ్‌కామ్ 5.5.1 యూటీఎఫ్-8ను అనుమతించింది, 2021లో వచ్చిన 7.0 దాన్నే తప్పనిసరి చేసింది. అయినా ఒక మెలిక మిగిలే ఉంది. తోక ఉన్న ఏను యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఏ, తోక అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద తేడా తెలియదు, కానీ రెంటినీ ఒక రూపానికి తేని సాఫ్ట్‌వేర్ వాటిని వేర్వేరు పేర్లుగా చూస్తుంది. అడ్డగీత ఎల్‌కు మాత్రం ఇలాంటి విడదీత లేదు. అందుకే విడదీసి గుర్తులు తీసేసే ప్రోగ్రాములు మిగతా ఎనిమిది అక్షరాలనూ మార్చి దీన్ని వదిలేస్తాయి.

4. టైపు చేసే విధానం

విండోస్‌లో ‘పోలిష్ ప్రోగ్రామర్స్’ కీబోర్డు చేర్చుకుంటే ఇంగ్లీషు మీటల అమరిక మారదు. కుడి ఆల్ట్ పట్టుకుని ఏ నొక్కితే తోక ఉన్న ఏ, ఎల్ నొక్కితే అడ్డగీత ఎల్ వస్తాయి. చుక్క ఉన్న జెడ్‌కు జెడ్ మీట, ఏటవాలు గీత ఉన్న జెడ్‌కు ఎక్స్ మీట. మ్యాక్‌లో ఆప్షన్ మీట ఈ పని చేస్తుంది. ఫ్రెంచి అక్షరాలకు అలవాటైన ఆల్ట్ అంకెల పద్ధతి ఇక్కడ పనికిరాదు. విండోస్-1252 పట్టికలో తోక ఉన్న ఏ లేనేలేదు.

5. తెలుగు పేర్లకు వర్తింపు

రమ, రామ అనే పేర్లను పాస్‌పోర్టులో ఒకే ఇంగ్లీషు స్పెల్లింగుతో రాస్తాం. ఆ స్పెల్లింగును చూసి దీర్ఘం ఉందో లేదో ఏ యంత్రమూ చెప్పలేదు. దీర్ఘాలను గీతలతో చూపే ఐఎస్ఓ 15919 ప్రమాణం 2001 నుంచీ ఉంది. తెలుగు లిపిలోనే పేరు ఎక్కించినా ఐత్వం విషయంలో పోలిష్ తోక లాంటి చిక్కే ఉంది. మైథిలి, వైదేహి పేర్లలోని ఐత్వాన్ని యూనికోడ్ ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ ఒప్పుకుంటుంది.

6. నిర్ధారణ

గుర్తున్న రూపం నుంచి గుర్తులేని రూపాన్ని యంత్రం ఎప్పుడైనా తయారుచేస్తుంది. వెనక్కి తిరిగే దారి లేదు. కాబట్టి ప్రధాన పేరు గడిలో మూలపత్రంలోని రూపాన్ని గుర్తులతో సహా ఉంచాలి. రష్యన్, అమెరికన్ రూపాలను పత్రం తేదీతో ప్రత్యామ్నాయ పేర్లుగా చేర్చాలి. లిప్యంతర రూపాలకు జెడ్‌కామ్ 5.5.1, 7.0 రెండూ చోటిచ్చాయి. గుర్తులను పక్కనపెట్టి పోల్చే పని వెతికే ప్రోగ్రాముది, పేరు ఎక్కించేవారిది కాదు.