ముత్యాలకు లెక్కుంది, మనుషులకు లేదు
(గుడి గోడ మీది రాతలు - 4)

తంజావూరు పెద్ద గుడికి వెళ్ళినవాళ్ళంతా తలెత్తి విమానం చూస్తారు. ఈసారి వెళ్తే కింద గోడలు చూడండి. గుడి చుట్టూ తమిళ అక్షరాలు చెక్కి ఉంటాయి. 1891లో హుల్ష్ వాటిని అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. ఈ భాగం ఆ అక్షరాల గురించి.

1010 ప్రాంతంలో రాజరాజ చోళుడు పూర్తి చేయించిన గుడి అది. మనకు పరాయిదేం కాదు. రాజరాజు కూతురు కుందవ్వను వేంగి చాళుక్య విమలాదిత్యుడు పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకే రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించినవాడు. మేం క్లాసులో చెప్పే ఆదికవి పాఠానికి అమ్మమ్మ ఊరు తంజావూరే.

ఆ గోడల మీద దేవుడి నగల చిట్టా ఉంది. రాజు ఇచ్చినవి, రాజు అక్క ఇచ్చినవి (ఆమె పేరూ కుందవ్వే). హారంలో ఎన్ని ముత్యాలు, వాటిలో గుండ్రటివెన్ని, జంట ముత్యాలెన్ని, ఏది ఏ రంగు, అన్నీ రాశారు. తూకం ఎంతో కూడా రాశారు. బంగారం తూచిన రాయి పేరు ‘ఆడవల్లాన్’, నగలు తూచిన రాయి పేరు ‘దక్షిణమేరు విటంకన్’. రెండూ దేవుడి పేర్లే. కొన్ని నగలు చేర, పాండ్య రాజులను ఓడించి తెచ్చిన ధనంతో చేయించామని దాచకుండా చెప్పుకున్నారు.

గుడి కొలువుకు తెచ్చిన 400 మంది నాట్యగత్తెల పేర్లూ ఉన్నాయి. ఏ వీధి, ఏ వరుస, ఎన్నో ఇల్లు, అంతా ఉంది. ఒక్కొక్కరికి ఏడాదికి వంద కలాల ధాన్యం.

మరి ఆ ధాన్యం ఎక్కడిది? అదే గోడ మీద ఇంకో చిట్టా ఉంది. గుడికి రాసిచ్చిన ఊళ్ళ చిట్టా. ఊరి మొత్తం భూమి ఎంత, అందులో పన్ను రాని జాగా ఎంత, తీసేస్తే మిగిలింది ఎంత, దానికి గుడికి కొలవాల్సిన వడ్లు ఎన్ని. పన్ను రాని జాగాల్లో ఏమేం ఉన్నాయో చూడండి: ఊరి నత్తం, చెరువులు, కాలవలు, శ్మశానం, పరైచ్చేరి. కొన్నిచోట్ల తీండాచ్చేరి. తీండా అంటే ముట్టరాని అని. మన మాలపల్లె, మాదిగ గూడెం లాంటివన్నమాట.

అంటరానితనం తెల్లవాళ్ళు పెట్టిన చిచ్చని, అంతకుముందు మన ఊళ్ళలో అందరూ కలిసే ఉన్నారని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళతో వాదన అక్కర్లేదు. వెయ్యేళ్ళ కిందటి రాయి చూపిస్తే చాలు. ఆ రాయి చెక్కించింది మనం కాదు, వాళ్ళు పొగిడే రాజే.

ఆ చేరిలో ఎవరున్నారో గోడ చెప్పదు. ఒక్క పేరూ లేదు. జంట ముత్యానికి దొరికిన లెక్క వాళ్ళకు దొరకలేదు. వాళ్ళ వాడ శాసనానికి ఎక్కింది కూడా వాళ్ళ కోసం కాదు, పన్ను లెక్కలో తీసివేత కోసం. ఆ పొలాలు దున్నింది ఎవరో రాయలేదు. వడ్లు మాత్రం కొలిచారు. కొలిచిన కుంచం పేరూ ఆడవల్లానే.

సాహిత్యంలో అలంకారం అంటే అందం తెచ్చేది అని చెప్తాం. చరిత్రలో అలంకారం అంటే ముందు ఖర్చు. ఆ ఖర్చు ఎవరి చెమట అని అడగాలి.

గోడ చెక్కిన తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత, 1939 జూలై 8న మధుర మీనాక్షి గుడిలోకి దళితులను వెంటబెట్టుకుని వైద్యనాథ అయ్యర్ వెళ్తే అది పెద్ద వార్త అయింది. అలా తలుపులు తెరిచినవాళ్ళ మీద కేసులు పడకుండా అదే ఏడు మద్రాసులో చట్టం చేయాల్సొచ్చింది. అప్పుడు మన కోస్తా, రాయలసీమ కూడా ఆ మద్రాసు కిందే. దేవుడి మెడలో హారం చూడటానికి చట్టం కావాల్సొచ్చిన జనం మనం.

నగలు అందంగా లేవని నేననను. ఎవరైనా ఆ వైభవం గురించి చెప్తే శ్రద్ధగా వినండి. విన్నాక, అదే గోడ మీది రెండో చిట్టా కూడా చదవమనండి.

జై భీమ్.