చట్టాల అంటు సిద్ధాంతం: నికోబార్ నిదర్శనం

చట్టాలు సమాజాల మధ్య అరువుగా ప్రయాణిస్తూ పెరుగుతాయన్నది తులనాత్మక న్యాయశాస్త్రంలో స్కాట్లాండ్ పండితుడు అలన్ వాట్సన్ (1933–2018) ప్రధాన ప్రతిపాదన. 1974లో ‘లీగల్ ట్రాన్స్‌ప్లాంట్స్’ గ్రంథంలో దీన్ని వివరించారు. అండమాన్ దీనికి సాక్ష్యమే: శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లోని కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి ఆంగ్ల మూలాలున్న న్యాయసూత్రాలతోనే తీర్పులిస్తోంది. అయితే మాట దాటివచ్చినా దాని అర్థం దాటిరాదని న్యాయ పండితుడు పియరీ లెగ్రాండ్ 1997లో ఆక్షేపించారు.

ఈ ఆక్షేపణ బలం నికోబార్‌లో కనిపిస్తుంది. అక్కడ కొబ్బరితోటలు ‘తుహెత్’ అనే ఉమ్మడి కుటుంబానివి. 2004 సునామీ తర్వాత సహాయం ‘కుటుంబం’ అన్న మాటకు బయటి అర్థం పట్టి, విడి కుటుంబాల లెక్కన అందడంతో ఆ ఉమ్మడితనం బలహీనపడింది. గిరిజన భూములు పరుల పాలు కాకుండా 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కాపాడుతోంది కదా అనవచ్చు. భూమికి అది రక్షణే. కానీ ‘యజమాని’ ఎవరన్న స్థానిక భావనను గుర్తించడం వేరే పని. చట్టం అంటు కట్టవచ్చు. నేలను ఎరగకుండా కడితే బతకదు.