ఇంట్లో సర్వర్: కొత్త డిస్క్ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో అపరిమిత ఉచిత నిల్వ ఆగిపోయింది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీలోనే సర్దుకోవాలి. నలుగురు స్మార్ట్‌ఫోన్లు వాడే ఇంట్లో అది ఏ మూలకూ చాలదు. నెలనెలా కట్టడం ఎందుకని కొందరు పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చుకుంటున్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని మిషన్లు ఇళ్లలో ఖాళీగానే ఉన్నాయి. వాటిలో లైనక్స్ వేసి, ఫొటోలకు ఇమిచ్, వీడియోలకు జెల్లీఫిన్, ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్ పెట్టుకుంటే పని మొదలైపోతుంది. జెద్దాలో ఉన్న అబ్బాయి హైదరాబాద్‌లో జరిగిన చెల్లెలి నికాహ్ వీడియో అక్కడి నుంచే చూసుకోవచ్చు.

చిక్కు ఏడాది రెండేళ్ల తర్వాత వస్తుంది. డిస్క్ నిండుతుంది, మిషన్ నెమ్మదిస్తుంది. అప్పుడు హడావుడిగా ఆఫర్‌లో కనిపించింది కొనేస్తారు.

ముందు చూడాల్సింది సామర్థ్యం కాదు, పెరుగుదల. నాలుగు ఫోన్లు, ఒక్కొక్కటి నెలకు 6 జీబీ అనుకుంటే నెలకు 24, ఏడాదికి దాదాపు 290 జీబీ. నాలుగేళ్లకు 1.2 టీబీ. ఇప్పటికే 1 టీబీ ఉంది, పెళ్లిళ్ల వీడియోలు మరో అర టీబీ అనుకుంటే మొత్తం 2.7 టీబీ. 4కే వీడియో తీసే ఫోన్ ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది, ఐఫోన్‌లో కుదించిన ఫార్మాట్‌లోనే నిమిషానికి సుమారు 170 ఎంబీ పడుతుంది. ఇంకో మాట: 4 టీబీ అని డబ్బా మీద రాసిన డిస్క్ కంప్యూటర్‌లో 3.63గానే కనిపిస్తుంది. అది మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది. అందులోనూ 80 శాతం దాటకుండా వాడటం మంచిది, అంటే చేతికొచ్చేది 2.9. పై కుటుంబానికి 4 టీబీ సరిగ్గా సరిపోతుంది, 3 టీబీ సరిపోదు.

డిస్క్ రకం దగ్గరే ఎక్కువ మంది దెబ్బ తింటున్నారు. హార్డ్ డిస్కుల్లో సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ అని రెండు తీరులున్నాయి. ఎస్‌ఎంఆర్‌లో డేటా గీతలు ఒకదానిపై ఒకటి కొంత ఎక్కి ఉంటాయి కాబట్టి, ఒకచోట మార్చాలంటే పక్కవాటినీ మళ్లీ రాయాలి. ఒక్కసారి రాసి దాచుకోవడానికి ఫర్వాలేదు గానీ, రెయిడ్‌లో పాడైన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి డేటా తిరిగి నింపేటప్పుడు నరకం చూపిస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ సిరీస్‌లో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్‌వేనని వెల్లడించాక పెద్ద దుమారమే రేగింది. ఆ తర్వాత సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టింది. కొనే ముందు మోడల్ నంబర్‌తో కంపెనీ స్పెసిఫికేషన్ షీట్ చూసుకోవాలి, షాపు వాడి మాట చాలదు. దుబాయ్ నుంచి ఎవరైనా తెస్తున్నారంటే, సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి ఆ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోవడం మేలు.

ఇంట్లో రెండు డిస్కుల మిర్రర్ చాలు. ఒకటి పోయినా రెండోది ఉంటుంది, పెంచుకోవడమూ తేలిక: ఒకటి తీసి పెద్దది పెట్టి, డేటా నిండాక రెండోదీ మార్చితే స్థలం పెరుగుతుంది. ఖాళీ సాటా పోర్టు ఉంటే పాతది పీకకుండానే కొత్తది తగిలించాలి, అలా అయితే మధ్యలో ఒంటి డిస్క్ మీద ఆధారపడే గండం ఉండదు. 12 టీబీ డిస్క్‌ను సెకనుకు 200 ఎంబీ చొప్పున నింపినా దాదాపు 17 గంటలు పడుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో మూడు నాలుగు డిస్కుల రెయిడ్‌జెడ్‌కు ఒక్కో డిస్క్ జోడించే వీలు 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తోనే దొరికింది. అంతకుముందు వెర్షన్ వాడేవాళ్లు అది ఉందనుకుని ప్లాన్ వేసుకోకూడదు.

అయితే మిర్రర్ బ్యాకప్ కాదు. పిల్లాడు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో పోతుంది. వోల్టేజ్ పెరిగితే రెండూ కలిసే కాలిపోవచ్చు. అందుకే మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట అన్న పాత సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. వాడకం లేనప్పుడు తీసి పెట్టే ఓ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఫుప్పూ ఇంట్లోనో, అన్న ఇంట్లోనో ఉంచి నెలకోసారి తెచ్చి కాపీ చేసుకుంటే చాలు. డబ్బు కొద్దిగానే ఉంటే మిర్రర్ వదిలేసి బ్యాకప్ డిస్కే కొనాలి. పోయిన డిస్క్ బజార్‌లో దొరుకుతుంది, నానమ్మ ఫొటో దొరకదు.

ర్యామ్, ప్రాసెసర్ సంగతి అంత పెద్దది కాదు. ఫొటోలు, ఫైళ్లకు 8 జీబీ నడుస్తుంది, ఇమిచ్‌లో ముఖాలు గుర్తించే పని కూడా చేయించాలంటే 16 ఉంటే హాయి. టీబీకి 1 జీబీ ర్యామ్ అన్నది నియమం కాదు, ఉజ్జాయింపు మాత్రమే. డేటాబేస్‌లు, థంబ్‌నెయిల్స్ చిన్న ఎస్‌ఎస్‌డీలో, ఫొటోలు హార్డ్ డిస్క్‌లో పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. మొత్తం ఎస్‌ఎస్‌డీలే కొనడం వృథా: ఇంటి గిగాబిట్ లైన్ మీద సెకనుకు 110 ఎంబీ మించి రాదు, మంచి హార్డ్ డిస్క్ ఒక్కటే దాన్ని నింపేస్తుంది. కొత్త మిషన్ కావాలంటే ఇంటెల్ ఎన్100 మినీ పీసీలు కరెంట్ తక్కువ తింటాయి, వీడియో మార్పిడికి క్విక్ సింక్ ఉంది. కానీ ఆ చిన్న డబ్బాల్లో ఎక్కువ వాటికి 3.5 అంగుళాల డిస్క్ పట్టదు. డిస్కులు పెరిగే ఇంటికి పాత డెస్క్‌టాప్ కేబినెటే నయం.

కరెంట్ లెక్క మాత్రం మర్చిపోవద్దు. 30 వాట్ల మిషన్ నెలకు దాదాపు 22 యూనిట్లు కాలుస్తుంది, 60 వాట్లది 43. ఎండాకాలంలో కూలర్లు, ఏసీలతో బిల్లు ఇప్పటికే పై స్లాబ్ అంచున ఉంటుంది, ఈ యూనిట్లు దాన్ని దాటించవచ్చు. మే నెలలో అటక మీద, మూసిన బీరువాలో మిషన్ పెట్టొద్దు. డిస్కులు 50 డిగ్రీల దగ్గరకు వెళ్తుంటే ముందు ఫ్యాన్ కొనాలి, ఆ తర్వాతే డిస్క్. చిన్న యూపీఎస్ కూడా అలాగే, కరెంట్ పోతే అది మిషన్‌ను సరిగ్గా మూసేసేలా యూఎస్‌బీ కేబుల్ తగిలించి పెట్టుకోవాలి.

బయటి నుంచి చూసుకోవడానికి రౌటర్‌లో పోర్టులు తెరవొద్దు. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు సీజీనాట్ వెనుక ఉంటాయి, తెరిచినా పనిచేయదు, పనిచేస్తే ప్రమాదం. టెయిల్‌స్కేల్ లాంటిది వేసుకుంటే సులువు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మాత్రం అక్కడి వీపీఎన్ నిబంధనలు చూసుకోవాలి.

డిస్కుల స్మార్ట్ రిపోర్టు నెలకోసారి చూడాలి. రీఅలొకేటెడ్ సెక్టార్ల అంకె పెరుగుతుంటే ఆ డిస్క్ మీద నమ్మకం వదిలేసి, అదే వారం మార్చాలి. సర్వర్ ఎలా ఆపాలి, బ్యాకప్ డిస్క్ ఎక్కడుంది, పాస్‌వర్డ్ ఏంటి అన్నది ఓ కాగితం మీద ఇంట్లో వాళ్లు చదవగలిగే భాషలో, ఉర్దూ అయినా తెలుగు అయినా, రాసి ఇంట్లో మరొకరి చేతిలో పెట్టాలి.