చెక్కలో మిగిలిన నూనె

ఎద్దుగానుగలో నువ్వులు ఆడించినా, వేరుశనగ పప్పు ఆడించినా నూనె అంతా బయటికి రాదు; చెక్కలో నూటికి పది పాళ్ళకు అటూ ఇటూగా మిగిలిపోతుంది. పాడిపశువు ఉన్న ఇంట అది నష్టం కాదు, దాణా. ఆ మిగులును నష్టంగా లెక్కగట్టినది పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా పరిశ్రమ. 1850ల నడుమ ఫ్రాన్సులో దైస్ అనే ఆయన కార్బన్ డైసల్ఫైడు ద్రావణిలో నూనెను కరిగించి తీసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. కరిగిన నూనెను వేడిచేస్తే ద్రావణి ఆవిరై పోతుంది. ఆ ఆవిరిని చల్లార్చి మళ్ళీ వాడుకోవచ్చు. నేటి కర్మాగారాలలోనూ సూత్రం ఇదే.

కార్బన్ డైసల్ఫైడు దుర్వాసన గలది, విషం, పైగా నిప్పురవ్వకు కాచుకొని ఉండే ద్రవం. తరువాత వచ్చిన బెంజీను, పెట్రోలు జాతి ద్రవాలతోనూ అగ్నిభయం తీరలేదు. అందుకే సులభంగా అంటుకోని ట్రైక్లోరోఎథిలీను వరంలా కనిపించింది. నూనె బాగానే వచ్చింది. ముప్పు చెక్కలో దాగి ఉంది. ఈ ద్రావణితో నూనె తీసిన సోయా పిండిని మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోతున్నాయని 1916లో బ్రిటన్ పశువైద్యుడు స్టూవర్ట్ స్టాక్‌మన్ ప్రకటించాడు. 1920లలో జర్మనీలోని డ్యూరెన్ ప్రాంతంలో అదే జరిగి, వ్యాధికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఇంత తెలిసీ 1950ల తొలినాళ్ళలో అమెరికా సోయా మిల్లులు ఆ ద్రావణినే మళ్ళీ వాడాయి. అక్కడా పశువులు చచ్చాయి. హెచ్చరిక అచ్చులోనే ఉంది, చదవవలసినవారు చదవలేదనుకోవాలి. ద్రావణి పిండిలోని సిస్టీనుతో కలిసి ఎముక మూలుగను దెబ్బతీసే పదార్థంగా మారుతున్నదని ఆ దశాబ్దం చివరికి తేలింది.

నిలిచినది హెక్సేను. సుమారు 69 డిగ్రీల వద్ద మరుగుతుంది, చెక్కలో నూటికి ఒక పాలు నూనె కూడా మిగల్చదు. గానుగకు లొంగని తవుడు నుంచి వంటనూనె రావడం దీని చలవే. కాని ఇది పెట్రోలియం సంతతి, మండే స్వభావం కలది. దీర్ఘకాలం దాని ఆవిరి పీల్చిన కార్మికుల నరాలు దెబ్బతింటాయి.

ప్రత్యామ్నాయాలలో అధిక పీడనపు కార్బన్ డయాక్సైడు శుభ్రమైనదే. వందల రెట్ల వాతావరణ పీడనాన్ని తట్టుకొనే పాత్రల ఖర్చు మాత్రం చవక నూనెకు గిట్టదు. చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల వంటి వాటినుంచి తయారుచేయగల 2-మిథైల్ ఆక్సొలేనుకు ఐరోపా సమాఖ్య 2023లో అనుమతినిచ్చింది. అదీ మండేదే. మొక్కలనుంచి పుట్టినంత మాత్రాన ద్రావణి నిరపాయమని అనలేము. హెక్సేను విషయంలో ఐరోపా చట్టం నూనెలో కిలోకు 1 మిల్లీగ్రాము, నూనె తీసిన సోయా ఉత్పత్తులలో 30 మిల్లీగ్రాములు అని రెండింటికీ వేర్వేరు హద్దులు గీసింది.